ఇంటి చదువు – బాలసాహిత్య పఠనం

మన దక్కను ముస్లిం కుటుంబాలలో బిడ్డకు నాలుగు సంవత్సరాల నాలుగు నెలల నాలుగు రోజుల వయస్సు వచ్చినప్పుడు ‘బిస్మిల్లాఖానీ’ జరపటం తరతరాల ఆచారం. పొరుగున ఉన్న హిందూ కుటుంబాలలో పళ్ళెంలో బియ్యం పోసి, బిడ్డ వేలు పట్టుకొని అక్షరాలు దిద్దించటం కూడ అటువంటిదే. ఈ రెండు వేడుకలలోను చక్కని సామ్యమున్నది. రెండింటిలోను బిడ్డ పెద్దల ఒడిలోనే కూర్చుంటుంది. తొలి అక్షరం అందేది ఆ ఒడిలోనే. బడి, పంతులు, పరీక్ష – ఇవన్నీ ఆ తరువాత వచ్చిన మాటలు.

ఇంటి చదువు మనకు కొత్తది కాదనటానికి చరిత్రలో నిదర్శనాలు కొల్లలు. తొలితరం తెలుగు రచయిత్రి బండారు అచ్చమాంబ (1874–1905) బడి మెట్టు ఎక్కి చదివినది కాదు. తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావు చదువుకుంటుంటే అతనితో పాటు ఇంటిలోనే అక్షరాలు నేర్చినది. వంగదేశంలో రొకేయా సఖావత్ హుస్సేన్ (1880–1932) అన్నగారి వద్ద ఇంగ్లీషును, అక్కగారి ప్రోత్సాహంతో బెంగాలీని ఇంటిలోనే అభ్యసించి, 1911లో కలకత్తాలో బాలికల కోసం పాఠశాలను నడిపినది. అయితే ఒక భేదాన్ని మనం విస్మరింపరాదు. వారికి బడి నిరాకరింపబడినది గనుక వారు ఇంటిలో చదివారు. నేడు కొందరు తల్లిదండ్రులు బడి అందుబాటులో ఉండి కూడ, తెలిసి తెలిసి ఇంటినే బడిగా ఎంచుకొంటున్నారు.

అటువంటి కుటుంబం ఒకటి మా నేరేడ్‌మెట్‌లో ఉన్నది. 2020 మార్చిలో కరోనా కారణంగా బడులు మూతపడినప్పుడు దేశమంతటా ఇళ్ళే పాఠశాలలైన సంగతి అందరికీ తెలిసినదే. బడులు తెరిచిన తరువాత అత్యధికులు పిల్లలను తిరిగి పంపించారు. ఈ దంపతులు మాత్రం పంపలేదు. వారికి తొమ్మిదేళ్ళ కుమారుడు, ఆరేళ్ళ కుమార్తె. ఒకనాటి సాయంత్రం ఆ తల్లి మా ఇంటికి వచ్చి, “భాయ్‌సాబ్, లెక్కలకు, సైన్సుకు పుస్తకాలున్నాయి. కథల పుస్తకాలే ఏవి చదివించాలో తెలియటం లేదు. ఏడాదికి ఎన్ని చదివించాలో, ఏ వారం ఏది చదివించాలో ఒక పట్టిక రాసి ఇవ్వండి” అని అడిగినది.

తెలుగు లెక్చరరును గదా, పట్టిక రాయటమెంత పని అనుకొన్నాను. కలం చేతికి తీసుకొన్న తరువాత గాని దాని బరువు తెలిసిరాలేదు. ఆ ఆలోచనల ఫలితమే ఈ వ్యాసం.

ముందుగా ఒక మాట స్పష్టం చేయవలసి ఉన్నది. బడి మాన్పించవలసినదని నేను ఎవ్వరికీ సలహా ఇవ్వటం లేదు. 2009లో చేయబడి 2010 ఏప్రిల్ 1 నుండి అమలులోకి వచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుండి పద్నాలుగేళ్ళ వయస్సు గల ప్రతి బిడ్డకు పాఠశాల విద్యను హక్కుగా చేసినది. ఆ హక్కు ఎందరో పేదపిల్లలకు ఏకైక ఆధారం. ఇంటి చదువును ఎంచుకొన్నవారు సాధారణంగా 1989లో స్థాపితమైన జాతీయ సార్వత్రిక విద్యాసంస్థ ద్వారా పరీక్షలు వ్రాయిస్తారు. అక్కడ పద్నాలుగేళ్ళు నిండిన విద్యార్థి పదవ తరగతి పరీక్ష వ్రాయవచ్చును. కావున ధ్రువపత్రానికి మార్గమున్నది. కాని ధ్రువపత్రం ఇవ్వలేనిది ఒకటి ఉన్నది. బడి తెలిసో తెలియకో దానిని ఇస్తుంది. అది పక్క బల్ల మీద కూర్చునే మరొక బిడ్డ.

మా నేరేడ్‌మెట్ చౌరస్తాలో అరగంట నిలబడితే ఎన్ని భాషలు చెవిన పడతాయో చెప్పలేము. చుట్టుపక్కల సైనిక నివాసాలుండటం వలన తమిళులు, మలయాళీలు, పంజాబీలు, ఒరియావారు ఇక్కడ తెలుగు, ఉర్దూలతో కలసి బ్రతుకుతున్నారు. బడిలో వీరి పిల్లలందరూ ఒకే బల్ల మీద కూర్చుంటారు. ఒకరి డబ్బాలోని అన్నం మరొకరు రుచి చూస్తారు. ఒకరి పండుగకు మరొకరు సెలవు పొందుతారు. ఇంటిలో చదివే బిడ్డకు ఆ బల్ల లేదు. తల్లికి తెలిసినది, తండ్రికి నచ్చినది – ఇంతే వాని ప్రపంచమయ్యే ప్రమాదమున్నది. ఎంత ప్రేమ గల గోడలైనా గోడలే గదా! ఇంటి చదువులో బాలసాహిత్యం కాలక్షేపపు పాఠం కాదని నేననటానికి కారణమిదే. అక్కడ పుస్తకాల బీరువాయే ఆ పక్క బల్ల. దానిలో ఎవరిని కూర్చోబెడుతున్నామన్నదే అసలు ప్రశ్న.

ఈ విషయంలో నేను చేసిన పొరపాటును దాచుకోను. మా అమ్మాయి బడికి వెళ్ళే పిల్లే. ఆమెకు ఏడేళ్ళు నిండిన సంవత్సరం, తెలుగు బోధించేవాని బిడ్డకు తెలుగు రాకపోవటమా అనే అభిమానంతో, ఏబది రెండు వారాలకు ఏబది రెండు పుస్తకాల జాబితా వ్రాసి గోడకు అంటించాను. ప్రతి కథ చివర అయిదు ప్రశ్నలు. కథలోని నీతి ఏమి? కాకి ఎటువంటిది? నక్క గుణం వివరింపుము. నాలుగు వారాలు సజావుగానే గడిచాయి. అయిదవ వారం క్రొత్త పుస్తకాన్ని చేతిలో పెట్టగానే ఆ పిల్ల దానిని తెరవకుండానే, “ఇస్మే భీ సవాలాఁ హైఁ క్యా, అబ్బా?” అని అడిగినది. ఇందులో కూడ ప్రశ్నలున్నాయా అని! బొమ్మలు చూడక ముందే బిడ్డకు పరీక్ష కనిపించినది. ఆ రాత్రి ఆ జాబితాను గోడ నుండి నేనే తీసివేశాను. కాని ఆమె తనంతట తాను తిరిగి ఒక తెలుగు పుస్తకాన్ని పట్టుకోవటానికి చాలా నెలలు పట్టినది. పట్టిక వ్రాయటం సులభం. పోయిన ఇష్టాన్ని తిరిగి తేవటమే కష్టం.

అందువలన ఆ తల్లికి సంఖ్య చెప్పటానికి నిరాకరించాను. సంవత్సరానికి నూరు పుస్తకాలు చదివిన బిడ్డ కంటె, ఒక్క పుస్తకాన్ని పదిసార్లు అడిగి చదివించుకొన్న బిడ్డయే ధన్యుడు. అయితే ప్రణాళికయే వద్దనటం నా అభిప్రాయం కాదు. రైతు విత్తనం మొలిచే గడియను నిర్ణయింపలేడు. కాని ఏ పొలంలో ఏ కార్తెలో ఏది చల్లాలో తెలిసియే చల్లుతాడు. మన ప్రణాళిక కూడ అటువంటిదై ఉండాలి.

మొదటిది చెవి కాలం. మూడు నుండి ఆరేళ్ళ వరకు బిడ్డ కళ్ళతో కంటె చెవులతో ఎక్కువ చదువుతుంది. ఈ దశలో కొనవలసిన పుస్తకాలు తక్కువ. తెరవవలసిన నోళ్ళు ఎక్కువ. నా బాల్యంలో మా నానీ నల్గొండ పల్లెలోని ఇంటి అరుగు మీద కూర్చుని రెండు భాషలలో కథలు చెప్పేది. ఊరివారి వద్ద విన్న ఏడు చేపల కథను తెలుగులో చెప్పేది. తన పుట్టింటి నుండి తెచ్చుకొన్న పిచ్చుక – పప్పుగింజ కథను ఉర్దూలో చెప్పేది. ఏడు చేపల కథలో చేప ఎందుకు ఎండలేదని అడిగితే నేరం గడ్డిమోపు మీదికి పోతుంది. అక్కడి నుండి ఆవు మీదికి, పాలేరు మీదికి, అన్నం పెట్టని అవ్వ మీదికి, ఏడ్చిన పిల్లవాని మీదికి పోయి చివరకు చీమ వద్ద ఆగుతుంది. అందరూ తప్పును ఇంకొకరి మీదికి నెట్టినవారే. చీమ ఒక్కటే తాను చేసిన పనికి తానే జవాబు చెప్పినది. ఇక పిచ్చుక కథలో మొద్దు సందులో ఇరుక్కున్న పప్పుగింజ కోసం పిచ్చుక వడ్రంగిని, రాజును, రాణిని, పామును, కర్రను, నిప్పును, నీటిని, ఏనుగును వేడుకొంటుంది. అందరూ కాదన్నవారే. చాలా చోట్ల చెప్పే పాఠంలో చివరకు ‘సరే, వస్తా’ననేది చీమయే!

రెండు భాషలలోని రెండు కథలు ఒక్క చీమ వద్దనే కలుసుకొన్నాయని నాకు తోచినది పెద్దయిన తరువాతనే. కాని మా నానీ నీతి చెప్పలేదు, ప్రశ్నలడగలేదు. కథ చెప్పి మజ్జిగ త్రాగి పడుకొనేది. ఈ దశకు తెలుగులో చింతా దీక్షితులు గారి బాలల రచనలు, ఉర్దూలో ఇస్మాయిల్ మేరఠీ (1844–1917) పిల్లల కవితలు ఇంటిలో ఉంటే చాలును. వాటిని బిడ్డ చేతికివ్వక తల్లి గొంతు మీదుగా అందించాలి.

రెండవది కన్ను కాలం. ఆరు నుండి తొమ్మిదేళ్ళ వరకు బొమ్మల పుస్తకాలు కావాలి. మనవంటి కుటుంబాలకు ఇక్కడ ఒక అపూర్వమైన అవకాశమున్నది. 1957లో స్థాపించబడిన నేషనల్ బుక్ ట్రస్టు ‘నెహ్రూ బాల పుస్తకాలయం’ వరుసలో ఒకే కథను అనేక భారతీయ భాషలలో అవే బొమ్మలతో ముద్రిస్తుంది. 2004లో ఆరంభమైన ప్రథమ్ బుక్స్ సంస్థ 2015 నుండి ‘స్టోరీ వీవర్’ అనే పేరుతో తెలుగు, ఉర్దూలతో సహా అనేక భాషలలో ఉచితంగా కథలు అందిస్తున్నది. మన సికింద్రాబాదు తార్నాకలోని ‘మంచి పుస్తకం’ సంస్థ తెలుగు, ఇంగ్లీషు పక్కపక్కన ఉన్న పుస్తకాలను, ఒకనాటి సోవియట్ బాలల పుస్తకాల పునర్ముద్రణలను వెలువరించినది. ఒకే బొమ్మ క్రింద ఎడమ నుండి కుడికి సాగే తెలుగును, కుడి నుండి ఎడమకు సాగే ఉర్దూను చూచిన బిడ్డకు, రెండు త్రోవలు ఒకే ఊరికి పోతాయన్న సంగతి ఎవరూ చెప్పకయే బోధపడుతుంది.

ఇది కేవలం ముచ్చట కోసం చెబుతున్న మాట కాదు. మన పిల్లల స్థితిని ఒక్కసారి పరికించండి. మాట్లాడేది ఉర్దూ, కాని చదవలేరు. చదివేది ఇంగ్లీషు, కాని దానిలో కలగనలేరు. మార్కుల కోసం తెలుగు. పరీక్ష ముగిసిన మరునాడు దానికి స్వస్తి. మూడు భాషలున్న ఇంటిలో పుట్టి ఏ ఒక్క భాషలోను తన దుఃఖాన్ని నాలుగు వాక్యాలలో వ్రాయలేని యువకులను మా తరగతులలో ప్రతి సంవత్సరం చూస్తున్నాను. వారి తెలివికి కొరత లేదు. వారికి తొమ్మిదేళ్ళ లోపున ఎవరూ కథ చదివి వినిపించలేదు, కొరత అదొక్కటే.

మూడవది మనస్సు కాలం. తొమ్మిదేళ్ళు దాటిన బిడ్డ తనంతట తాను చదవాలి. పెద్దలు కొంత ప్రక్కకు తొలగాలి. ఈ వయస్సు వారికి నేను నాలుగు అరల బీరువాను సూచిస్తాను.

మొదటి అర మనది. బిడ్డ తన ఇంటిని పుస్తకంలో చూచుకోవాలి. తెలుగు వాచకాలలో అబ్బా, అమ్మీ, సేమియా, దర్గా ఉరుసు ఏనాడూ కనిపించకపోతే, తెలుగు పరాయివారి భాష అనుకోవటం ఆ బిడ్డ తప్పు కాదు. మహమ్మద్ ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’ ఈ లోటును ఎంతో తీర్చినవి. నెల్లూరు సీమలోని ముస్లిం కుటుంబపు బాల్యం అక్కడి తెలుగులోనే పలికినది. పెద్దలు ఎంచి చదివి వినిపిస్తే పది పన్నెండేళ్ళ పిల్లలు పడిపడి నవ్వుతారు.

రెండవ అర పొరుగువారిది. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణి గార్లు ప్రారంభించిన ‘చందమామ’ నేడు వెలువడటం లేదు గాని, ఆదివారం నాడు ఆబిడ్స్ కాలిబాట అంగళ్ళలో వెతికితే పాత సంచికలు దొరుకుతాయి. నా బాల్యంలో నాకు తెలుగును రుచి చూపినవి ఆ సంచికలే. అందులోని బేతాళుని ప్రశ్నలకు, నేను మా అమ్మాయికి వేసిన ప్రశ్నలకు గల భేదం ఇప్పుడు తెలుస్తున్నది. నా ప్రశ్నలకు సమాధానం పుస్తకంలోనే ఉన్నది. బేతాళుని ప్రశ్నకు సమాధానం వినేవాడు తన బుద్ధితో తేల్చుకోవాలి.

మూడవ అర దూరదేశాలది. టెట్సుకో కురొయనాగి జపాను భాషలో వ్రాసిన ‘తోత్తోచాన్’ (1981) తెలుగులో ‘రైలుబడి’గా వచ్చినది. బడి నుండి పంపివేయబడిన ఒక చిన్నపిల్లకు రైలుపెట్టెలలో నడిచే మరొక బడి దొరకటం అందులోని విషయం. ఇంటిలో చదివే బిడ్డకు ఇంతకంటె ఆప్తమైన పుస్తకం ఏమున్నది?

నాలుగవ అర నిజలోకానిది. పురుగులు, నక్షత్రాలు, రైళ్ళు, పొలాలు, మహనీయుల జీవితాలు. కథలు చదవని పిల్లలు కొందరు ఈ అర ద్వారానే పఠనంలోకి ప్రవేశిస్తారు. వారిని నిరుత్సాహపరచరాదు.

మంచి పుస్తకానికి గుర్తు ఏమని మీరు అడుగవచ్చును. మన జాకిర్ హుస్సేన్ గారి కథనే నిదర్శనంగా చూపుతాను. 1897లో ఈ హైదరాబాదులోనే జన్మించి, జామియా మిల్లియాను రెండు దశాబ్దాలకు పైగా నడిపి, 1967లో భారత రాష్ట్రపతి అయిన ఆ విద్యావేత్త పిల్లల కోసం ఉర్దూలో ‘అబ్బూ ఖాన్ కీ బక్రీ’ అనే కథ వ్రాశారు. చాందినీ అనే మేక త్రాడు తెంచుకొని కొండకు పోతుంది. స్వేచ్ఛగా తిరుగుతుంది. రాత్రి తోడేలు వస్తే తెల్లవారేదాక పోరాడి నేలకూలుతుంది. చెట్టు మీది పక్షులు తోడేలే గెలిచినదంటాయి. ఒక ముసలి పక్షి మాత్రం చాందినీయే గెలిచినదంటుంది. అంతే. ‘కావున పిల్లలారా’ అన్న వాక్యమే లేదు. మేక మరణాన్ని బిడ్డ నుండి దాచలేదు. తీర్పును బిడ్డకే విడిచిపెట్టారు. బిడ్డను నమ్మిన పుస్తకమే మంచి పుస్తకం. భాష శుభ్రంగా ఉండాలి, బొమ్మలు అందంగా ఉండాలి. కాని ఈ నమ్మకం లేనినాడు అవి రెండూ వ్యర్థం.

ఇక ఒక అభ్యంతరాన్ని గూర్చి చెప్పాలి. మా పేటలోని ఒక పెద్దాయన నాతో, “కథలన్నీ అబద్ధాలే కదా, బేటా! పిల్లలకు నిజం నేర్పండి” అన్నారు. ఆయన సద్భావాన్ని శంకింపను. కాని మన మక్తబులలో శతాబ్దాల పాటు పిల్లలకు నేర్పిన సాదీ ‘గులిస్తాన్’ (1258) కథల తోటయే గదా! మన దేశపు పంచతంత్రం పహ్లవీ భాషలోకి పోయి, ఎనిమిదవ శతాబ్దంలో ఇబ్నుల్ ముకఫ్ఫా చేతిలో అరబ్బీ ‘కలీలా వ దిమ్నా’ అయినది. మన కరటక దమనకులే ఆ కలీలా దిమ్నాలు. ఆ నక్కలనే 1853లో పరవస్తు చిన్నయసూరి గారు ‘నీతిచంద్రిక’లో తెలుగువారికి మరల అందించారు. ఒక కథ మతాలను, సముద్రాలను దాటి తిరిగి ఇంటికి వచ్చినది. అటువంటి యాత్రికుని గుమ్మం వద్దనే ఆపివేయటం ధర్మమా?

చివరగా ఆ తల్లికి నేను చెప్పిన ఆచరణ మాటలు ఇవి. ప్రతిదినం ఒకే వేళకు, మగ్రిబ్ నమాజు తరువాత అరగంట, ఎవరో ఒకరు పైకి చదవాలి. పెద్దపిల్లవానికి చదవటం వచ్చినా సరే. వారానికి ఒక పుస్తకాన్ని బిడ్డయే ఎంచుకోవాలి. అది మనకు నచ్చకపోయినా సరే. నచ్చని పుస్తకాన్ని సగంలో విడిచిపెట్టే స్వేచ్ఛ బిడ్డకుండాలి. నెలకొకసారి గ్రంథాలయానికి తీసుకొనిపోవాలి. 1891లో ఆసఫియా గ్రంథాలయంగా మొదలైన అఫ్జల్‌గంజ్‌లోని రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, 1901లో వెలసిన శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఈ నగరంలోనే ఉన్నవి. అన్నిటికంటె ముఖ్యం – ఆదివారం సాయంత్రం వీధిలోని పిల్లలను కూడ కథకు పిలవాలి.

ఈ చివరి సలహాకు ఒరవడి నా స్వంతం కాదు. 1940లో మద్రాసులో న్యాయపతి రాఘవరావు, కామేశ్వరి దంపతులు – రేడియో అన్నయ్య, అక్కయ్య – ఆంధ్ర బాలానంద సంఘాన్ని స్థాపించారు. 1945లో ‘బాల’ పత్రికను ఆరంభించారు. ఎవరి పిల్లలైనా వారికి పిల్లలే. అంత సంఘాన్ని మనం నిర్మింపలేకపోవచ్చును. ఒక వరండా, ఒక చాప, ఒక పుస్తకం మనకు చాలు.

ఆ తల్లి నేను చెప్పినదంతా విని, “అయితే పట్టిక ఇవ్వరా, భాయ్‌సాబ్?” అని నవ్వినది. మొన్న ఆదివారం వారి వరండాలో ఏడుగురు పిల్లలు కూర్చున్నారు. వారిలో ఇద్దరు మలయాళీలు. ఆ తొమ్మిదేళ్ళ కుర్రవాడు ఏడు చేపల కథను తప్పులతో, తడబాట్లతో తెలుగులో చదివి వినిపిస్తున్నాడు. మా అమ్మాయి కూడ అక్కడనే ఉన్నది. కథ ముగిసిన తరువాత ఎవరూ ప్రశ్నలడగలేదు. కాసేపటికి మా అమ్మాయియే అడిగినది: “పాపం, చీమ ఒక్కటే ఎందుకు నిజం చెప్పింది?”

ప్రియ విద్యార్థినీ విద్యార్థులారా! రేపు మీరు తల్లులు, తండ్రులు, ఉపాధ్యాయులు కాబోతున్నారు. మీ పిల్లలు బడిలో చదువుతారో, ఇంటిలో చదువుతారో నేను చెప్పలేను. ఎక్కడ చదివినా, ఇటువంటి ప్రశ్న వారి నోటి నుండి వచ్చేదాక ఓపికతో కథ చెప్పండి. మన ప్రశ్నపత్రాలకు సెలవివ్వండి.